గోడలోంచి వచ్చిన చెయ్యి

పోయిన వారం మిలాడాను ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదా? ముందుగదిలో ఒక పక్క వెండి కిరీటం, ఇంకో పక్క ల్యాప్‌టాప్, నడుమ తను. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది, మూయడానికి వీల్లేదు. ఆఫీసువాళ్ళు ఉన్నట్టుండి మీటింగ్ పెట్టారు, రానని చెప్పడానికీ వీల్లేదు.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం. మిలాడాది చెక్ దేశం, బ్ర్నో నగరం. ఏ రైలు ఏ స్టేషన్లో ఎంతసేపు ఆగాలి, ఏ రైలు దేనికి దారివ్వాలి అని వేళలు కట్టడం ఆమె ఉద్యోగం. ఆ పని ఇంటి నుంచే చేసుకోవచ్చంది కంపెనీ. కాకపోతే ఆ ఇల్లు స్వదేశంలోనే ఉండాలంది. మిలాడా మొదటి ముక్క విని రెండో ముక్క వినలేదు. తల్లి పోయాక ఆ ఫ్లాటులో ఒంటరిగా ఉండలేక, ఒక్క నెల తిరిగొద్దామని అట్లాంటిక్ సముద్రం నడుమనున్న సావ్ జోర్జ్ ద్వీపానికి వచ్చింది. వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది. రైలన్నదే లేని ద్వీపంలో కూర్చుని రైళ్ళకు వేళలు కడుతుండగానే రెండో వసంతం కూడా వచ్చేసింది.

ఆఫీసు వాళ్ళ లెక్కలో మాత్రం ఆమె బ్ర్నో వదిలి కదల్లేదు. మీటింగుల్లో ఆమె వెనక కనిపించేది బ్ర్నో ఫ్లాటులోని అమ్మ గది, ఆ గది కిటికీ, కిటికీ అవతల వీధిలోని చెట్టు. అదంతా ఫొటో. అమ్మకు ఆ కిటికీ అంటే ప్రాణం. ప్రతి రుతువులోనూ ఒక ఫొటో తీసి కూతురికి పంపేది. చిగుళ్ళ చెట్టు, నిండాకుల చెట్టు, పసుపు రంగు చెట్టు, మంచు మోస్తున్న చెట్టు. రుతువు మారినప్పుడల్లా మిలాడా ఫొటో మార్చేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. మన మిలాడాదీ అదే ధీమా.

ఇక కిరీటం సంగతి. ఈస్టరు పండగ తరవాత వారానికొక ఇంట్లో పరిశుద్ధాత్మ కిరీటం బస చేస్తుంది. ఎవరెవరి ఇళ్ళలోనో ముందటి ఏడే చీటీలు తీసి తేలుస్తారు. కిరీటం ఉన్న ఇంటి తలుపు ఆ వారమంతా మూయరు. గడప దాటి వచ్చినవాళ్ళెవర్నీ తినకుండా పంపరు. ఆదివారం ఆ ఇంటి మనిషి తల మీద కిరీటం పెట్టి దీవిస్తారు, ఆ తరవాత ఊరందరికీ పుదీనా వేసిన వేడి మాంసం రసం, అందులో నానిన రొట్టె. నిరుడు చీటీల్లో తన పేరు వినిపిస్తే మిలాడా ఏదో లాటరీ అనుకుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టినామె వంట చెయ్యక తప్పుతుందా?

*

ఆ గురువారం ఉదయం పొగమంచు సముద్రం మీంచి లేచి నేరుగా ఇంట్లోకే వచ్చింది. తలుపు తీసే ఉంది మరి.

"రా తల్లీ, రా" అంది దోనా దియోలిందా పొగమంచుతో, చేతిలోని చీపురు పక్కన పెట్టి. "గడప దాటి వచ్చాక నువ్వూ చుట్టానివే. కానీ నీకేం పెట్టాలో మాత్రం తెలీట్లేదు."

దియోలిందా ఈ ఇంటి యజమానురాలు, దోనా అంటే అక్కడి మాటలో అమ్మగారు. భర్త పోయాక ముందు భాగం మిలాడాకు అద్దెకిచ్చి, తను వెనక వంటింటిని ఆనుకున్న గదిలో ఉంటోంది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఎదురుగా ఎవరున్నా లేకపోయినా మాట్లాడుతూనే ఉంటుంది. కోళ్ళతో, కుండీలోని పుదీనాతో, పోయిన మొగుడితో.

గదంతా పొగమంచు పరుచుకుంది. ఎర్ర పట్టుగుడ్డ కప్పిన మెట్ల మీద, తెల్లపూల మధ్య, వెండి కిరీటం మెరుస్తోంది. దాని కొసన రెక్కలు చాచిన చిన్న పావురం. నెట్ అందేది ఆ గదిలోనే కాబట్టి మిలాడా బల్ల కూడా అక్కడే, కిరీటానికి పక్కగా. ఈ నాలుగు రోజులుగా ఆమెకు అన్నీ కలలోలాగే ఉన్నాయి. కళ్ళ ముందు రైళ్ళ వేళలు, చెవుల్లో జపమాల చదివే ఆడవాళ్ళ గొంతులు, ముక్కుకు రొట్టె కాలే వాసన. పని చేస్తూ చేస్తూ ఒక్కోసారి తెరలో తన మొహం వెనకున్న అమ్మ కిటికీని చూసి, నిజంగా అక్కడే ఉన్నాననుకునేది. ఆ కిటికీ సందులోంచి వచ్చే చల్లగాలి భుజానికి తగిలినట్టే ఉండేది. ఆ భ్రమ ఆమెకు ఇష్టం కూడా. అబద్ధం చెప్పడానికి పెట్టిన బొమ్మే అయినా, దాని ముందు కూర్చుంటే అమ్మ ఇంకా పక్క గదిలో కాఫీ కలుపుతున్నట్టుండేది.

మీటింగ్ పిలుపు మోగింది. మిలాడా ఒక్క పరుగున వచ్చి కూర్చుంది. తొందరలో వేలు జారి నిండాకుల చెట్టుకు బదులు మంచు చెట్టును నొక్కింది.

తెర మీద ఒక్కొక్కరే తేలారు. నడుమ పెట్టెలో ఓల్ద్రిఖ్, ఆమె పై అధికారి. మాటకు మాట తూచి ఇచ్చే మనిషి. ఆయన వెనక పుస్తకాల బీరువా, అందులో పక్కకు ఒరిగిన ఒక నీలిరంగు పుస్తకం. ఎప్పుడు చూసినా ఆ పుస్తకం అంతే ఒరిగి ఉండేది. చెప్పాల్సింది చెప్పడం, ఆ వెంటనే మైకు ఆపెయ్యడం ఆయన అలవాటు. పక్క పెట్టెలో ఎన్నడూ రాని డైరెక్టరమ్మ కూడా కూర్చుని ఉంది.

"మిలాడా గారూ" అని పిలిచాడు ఒక కుర్రాడు, నవ్వు ఆపుకుంటూ. "మా వీధిలో జనం ఐస్‌క్రీములు తింటున్నారు. మీ వీధిలో ఇంకా మంచు కరగలేదా?"

అందరూ నవ్వారు. మిలాడా గతుక్కుమంది. "పాత ఫొటో అండీ, గది చిందరవందరగా ఉందని పెట్టాను" అంది. బొమ్మ మార్చబోయి, మారిస్తే ఇంకా అనుమానం వస్తుందని ఆగిపోయింది. సరేలే, మంచు మంచే, ఇది గండం కాదు అనుకుంది.

గోడలకు చెవులుంటాయని మనవాళ్ళు అంటారు. ఆ రోజు గోడకు చెయ్యి మొలిచింది.

మంచు కురుస్తున్న కిటికీ పక్కన, అమ్మ గది గోడలోంచి, మోచేతి దాకా ఒక చెయ్యి బయటికొచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి, పిండి అంటిన వేళ్ళు. ఆ వేళ్ళలో ఒక పళ్ళెం, పళ్ళెంలో బంగారు రంగు తీపిరొట్టె. చెయ్యి గాలిలో కాసేపు తచ్చాడి, మిలాడా ముందు పళ్ళెం పెట్టి, వచ్చిన గోడలోకే మాయమైంది.

తెర మీద ఎవరూ కదల్లేదు.

"తిను పిల్లా, చల్లారిపోతుంది" అని ఎక్కడి నుంచో ఒక గొంతు, ఎవరికీ అర్థం కాని భాషలో.

దియోలిందాను అని లాభం లేదు. ఆ బొమ్మ ఎలా పనిచేస్తుందో ఆమెకేం తెలుసు? కెమెరా మిలాడా మొహాన్ని పట్టుకుని మిగతా గదినంతా చెరిపేస్తుంది. అయితే మనిషి దగ్గరగా వస్తే దానికీ తికమకే. సగం చూపిస్తుంది, సగం మింగేస్తుంది.

అప్పుడే ఎర్మీనియు లోపలికొచ్చాడు. దియోలిందాకు మరిది, ఊళ్ళో పడవ నడిపేది ఆయనే, కిరీటం మోసేదీ ఆయనే. పొద్దున్నే కిరీటం దించి పూలు మార్చడం ఆనవాయితీ. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, మెల్లగా, మిలాడా కుర్చీ వెనకగా నడిచాడు.

తెరలో మనిషి కనిపించలేదు. కిరీటం ఒక్కటే కనిపించింది. మంచు మోస్తున్న చెట్టు ముందు నుంచి ఒక వెండి కిరీటం గాలిలో తేలుతూ వచ్చింది. మిలాడా తల మీద ఒక్క క్షణం ఆగింది. పావురం రెక్క మెరిసింది. తరవాత మంచులోకి వెళ్ళిపోయింది.

మిలాడా కూడా దాన్ని తెరలోనే చూసింది. భయపడాల్సిన వేళ అది. కానీ ఆమెకు ముందు కలిగింది భయం కాదు. అమ్మ కిటికీ ముందు ఆ కిరీటం ఎంత అందంగా ఉంది అనిపించింది. అమ్మ చూసి ఉంటే ఫొటో తీసేది అనిపించింది.

డైరెక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఓల్ద్రిఖ్ గారూ, ఇదేమిటో కనుక్కోండి" అని చెప్పి వెళ్ళిపోయింది. ఒక్కొక్క పెట్టే ఆరిపోయింది. చివరికి తెర మీద ఇద్దరే మిగిలారు.

*

ఓల్ద్రిఖ్ డైరెక్టరమ్మ పెట్టె ఆరిందో లేదో ఒకసారి చూసుకున్నాడు. తరవాత మైకు తెరిచాడు.

"ఆ బొమ్మ తీసెయ్యండి మిలాడా గారూ. మనిద్దరమే ఉన్నాం."

మిలాడా వేలు మీట మీదికి పోయి ఆగింది. ఆ బొమ్మ తీస్తే ఉద్యోగం పోతుందని కాదు, అది ఎలాగూ పోయేలా ఉంది. అమ్మ గదిలోంచి తనే లేచి బయటికి నడుస్తున్నట్టు అనిపించింది. కళ్ళు మూసుకుని నొక్కింది.

మంచు, చెట్టు, కిటికీ పోయాయి. వాటి చోట ఎర్ర పట్టుగుడ్డ, పూలు, కిరీటం, చేతులు కట్టుకుని నిలబడ్డ ఎర్మీనియు, తెరిచిన తలుపు వచ్చాయి. తలుపు అవతల పొగమంచు పలచబడుతూ సముద్రం, సముద్రానికి అవతల పీకో ద్వీపపు కొండ కొన మేఘం మీద ఒంటరిగా.

"కాస్త ఎడమకు తిప్పండి" అన్నాడు ఓల్ద్రిఖ్.

ఎందుకో అర్థం కాకపోయినా తిప్పింది. తలుపు తెర నిండా వచ్చింది. ఆయన ఆ నీళ్ళను చూస్తూ ఉండిపోయాడు.

"నాకు చాలా కాలంగా తెలుసు" అన్నాడు చివరికి. "మీరు కిటికీలు మూసుకుని కూర్చున్నా ఆ మోత వినిపిస్తూనే ఉండేది. అలలు రాళ్ళ మీద విరిగి వెనక్కి పోయే మోత."

"మరి ఎందుకు అడగలేదు?"

"మీ రైళ్ళు వేళకు నడుస్తున్నాయి కనక. నేను చూడనట్టు ఊరుకున్నంత కాలం ఊరుకున్నాను. ఇవాళ డైరెక్టరమ్మ చూశారు. ఇక నా చేతుల్లో లేదు." ఆయన గొంతు ఆఫీసు గొంతైపోయింది. "సోమవారం ఉదయం బ్ర్నో ఆఫీసులో ఆమె ముందు మీరు స్వయంగా కూర్చోవాలి. మనిషి వచ్చి నిలబడితే మాట్లాడి చూడొచ్చు. రాకపోతే రాజీనామా కిందే లెక్క."

"సోమవారమా? ఆదివారం ఇక్కడ..."

"ఏముంది ఆదివారం?"

ఏం చెప్పాలి? నా తల మీద కిరీటం పెడతారని చెప్పాలా?

ఇంతలో దియోలిందా వచ్చి తెరలోకి తొంగి చూసింది. "ఎవరీ పెద్దమనిషి? మొహం పీక్కుపోయి ఉంది. తిన్నాడా అడుగు."

"దోనా, ఆయన మా ఆఫీసర్."

"అయితే ఆకలెయ్యదా? కిరీటం ఉన్న ఇంట్లోకి మొహం పెట్టాడు, ఊరికే పంపుతామా?" ఆమె ఇంకో పళ్ళెంలో రొట్టె ముక్క తెచ్చి కెమెరా ముందు పెట్టింది. "తినండి సార్. మొహమాటపడకండి."

ఓల్ద్రిఖ్‌కు ఒక్క ముక్క కూడా అర్థమై ఉండదు. ఆ పళ్ళెం వంక చూశాడు. తెర నల్లబడింది.

*

"ఏమన్నాడు?" అంది దియోలిందా.

మిలాడాకు అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇక్కడ ఉంటున్నట్టు ఆఫీసులో ఎవరికీ తెలియదని, బ్ర్నోలోనే ఉన్నట్టు నమ్మించానని, అందుకే ఆ బొమ్మ అని. ఆమె అడిగితే బొమ్మను మళ్ళీ తెర మీదికి తెచ్చి చూపించింది కూడా.

దియోలిందా వంగి చూసింది. తెరలో మిలాడా ఉంది, పక్కన తన మొహం సగం ఉంది. కిరీటం లేదు, పట్టుగుడ్డ లేదు. పెళ్ళినాడు తను అడుగుపెట్టిన తలుపు లేదు, ఏడాదికోసారి తను సున్నం కొట్టే గోడ లేదు.

"మా గదేదీ?" అంది.

"దాని వెనక ఉంది దోనా."

"వెనక." ఆమె నిటారుగా నిలబడింది. "ఇన్నాళ్ళూ నువ్వు పొద్దున్నే లేచి చేసిన పని ఇదన్నమాట. మా ఇంట్లో కూర్చుని మా ఇంటిని చెరిపెయ్యడం."

"అలా కాదు దోనా..."

"ఇంకెలా? నీ జ్వరానికి కషాయం కాచింది ఈ గదిలో. నీకు మా మాట నేర్పింది ఈ గదిలో. మీవాళ్ళు ఎక్కడున్నావే అంటే, అబ్బే, ఆ ముసలమ్మ దగ్గర లేను అన్నావు. అంత సిగ్గా మేమంటే?"

"సిగ్గు కాదు, భయం" అంది మిలాడా. "తెలిస్తే వెళ్ళగొడతారని భయం. ఇక్కడి నుంచి పోవాల్సొస్తుందని."

"భయమో, సిగ్గో. దాచినవాళ్ళకే తేడా తెలుస్తుంది. మరుగున పడ్డవాళ్ళకి రెండూ ఒకటే." దియోలిందా పొడుగు గొంతు మొదటిసారి చిన్నదైంది. "పెట్టె సర్దుకో. ఉద్యోగం పోగొట్టుకోమని చెప్పడానికి నేనెవర్ని? అద్దెకిచ్చినదాన్ని."

ఆ మాట మిలాడాకు చెంపదెబ్బలా తగిలింది. దియోలిందా వంటింట్లోకి పోయింది. ఆ రోజు కోళ్ళతో కూడా మాట్లాడలేదు.

శుక్రవారమంతా ఇల్లు నిండా జనం. పిండి కలిపేవాళ్ళు, పుదీనా దూసేవాళ్ళు, జపమాల తిప్పేవాళ్ళు. అందరూ మిలాడాను నవ్వుతూ పలకరించారు, ఆదివారం ఏ గౌను వేసుకుంటున్నావని అడిగారు. అందరికీ నవ్వుతూనే జవాబు చెప్పింది. దియోలిందా మాత్రం ఆమె ముందు పళ్ళెం పెట్టింది గానీ తినమని అనలేదు.

పడుకుంటే నిద్ర కాదు, మెలకువా కాదు. రైలొకటి అలల మీద నడుస్తూ వచ్చి తెరిచిన తలుపు ముందు ఆగింది. దాని వేళ తనే కట్టింది, కానీ ఎంతసేపు ఆగాలో రాయడం మరిచిపోయింది. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. కిటికీలన్నిట్లోనూ అమ్మ గదే.

*

మొన్నటి వానలకు మట్టిచరియలు విరిగిపడి కొండదారి మూతపడింది. విమానం ఎక్కాలంటే ముందు పట్నం చేరాలి, పట్నం చేరాలంటే ఎర్మీనియు పడవే దారి. ఆదివారం ఆయన పడవ తియ్యడు, శనివారం తెల్లవారే వెళ్ళాలి.

మిలాడా పెట్టె పట్టుకుని ముందుగదిలోకొచ్చింది. కిరీటం దగ్గర దీపం వెలుగుతోంది. దియోలిందా గది తలుపు దగ్గరికి వేసి ఉంది. పిలుద్దామని చెయ్యెత్తి దించేసింది. ఏమని పిలుస్తుంది?

రేవులో పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. ఎర్మీనియు పెట్టె అందుకుని పడవలో పెట్టాడు. ఇంజను తిప్పాడు, అది దగ్గి దగ్గి అందుకుంది.

"కూర్చో" అన్నాడు. "దూరం పోవాలి. నేను మధ్యాహ్నానికల్లా తిరిగి రావాలి, పనుంది."

"ఏం పని సెన్యోర్ ఎర్మీనియు? వంట పనులన్నీ నిన్నే అయ్యాయిగా."

"కిరీటాన్ని పక్కింటికి మొయ్యాలి."

మిలాడా ఆగిపోయింది. "ఎందుకు?"

"ఎందుకేమిటి? ఇంటిమనిషి లేని ఇంట్లో కిరీటం ఉంచుతామా? నువ్వు పోయావంటే ఆ ఇంటి వంతు అయిపోయినట్టే. వండినవన్నీ అటే మోసుకుపోతాం. ఊరు తింటుందిలే, దానికేం."

"దోనా ఉన్నారుగా! ఆవిడ తల మీద పెట్టండి."

ఎర్మీనియు ఇంజను చప్పుడు తగ్గించాడు. మిలాడా వంక చూడకుండా తాడు ముడి విప్పుతూ మాట్లాడాడు.

"చీటీలో ఉన్న పేరు నీది. ఇంటికొక్క చీటీ. అందులో ఎవరి పేరు రాయాలన్నది ఇంటి పెద్ద ఇష్టం. మా వదిన పెళ్ళి చేసుకుని ఆ గడప తొక్కినప్పటి నుంచీ ఏటా తన చీటీ వేస్తూనే ఉంది. మా అన్న ఉండగా వేసింది, పోయాకా వేసింది. ఒక్కసారంటే ఒక్కసారి పేరు వచ్చిందా? మా ఇంటికొచ్చింది, ఎదురింటికి రెండుసార్లు వచ్చింది, ఎప్పుడూ తాగి పడుండే వాడింటికీ వచ్చింది. వదినింటికి మాత్రం రాలేదు. ప్రతిసారీ ఎవరింటికి వస్తే వాళ్ళింటికి పోయి గిన్నెలు తోమి వచ్చేది."

అల ఒకటి వచ్చి పడవను లేపి దించింది.

"నిరుడు నువ్వొచ్చి రెండు నెలలైనా కాలేదు. వదిన ఈసారి నీ పేరు రాసి చీటీ వేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. నా పేరు దేవుడి కంట పడట్లేదు ఎర్మీనియు, ఈ తల్లిలేని పిల్ల పేరు పడుతుందేమో చూద్దాం అంది. అదేమిటొదినా, వస్తే కిరీటం ఆ పిల్లకే కదా అన్నాను. ఎవరి తల మీదైతేనేం, నా ఇంటికి వస్తుంది కదా అంది." ఆయన గరుకు చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మొదటిసారికే వచ్చింది. నువ్వు చప్పట్లు కొట్టావు. తను ఏడ్చింది. నువ్వు చూడలేదులే."

ఒక కాలు పడవలో ఉంది, ఒక కాలు రేవు రాతి మీద ఉంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు. మిలాడాకు అన్ని పడవలు కూడా లేవు, ఉన్నది ఒక్కటే. అది అలకు అటూ ఇటూ కదులుతోంది, ఏదో ఒక కాలు తీసెయ్యక తప్పదు.

"మీరెందుకు ముందే చెప్పలేదు?" అంది.

"చెప్పొద్దని వదిన ఒట్టు పెట్టించుకుంది. ఉద్యోగం చేసుకునే పిల్ల, కాళ్ళకు బంధం వెయ్యకు అంది. ఇప్పుడు ఒట్టు తప్పాను. నరకానికి పోతే పోతాలే, అక్కడైనా చలి ఉండదు."

మిలాడా నవ్వింది. నవ్వుతూంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. బ్ర్నోలో తనకు ఉన్నదేమిటి? ఒక బల్ల, ఒక ఖాళీ ఫ్లాటు, ఒక కిటికీ. ఆ కిటికీలో చెట్టు తను చూసినా చూడకపోయినా చిగురిస్తుంది, రాలుతుంది. ఇక్కడ మాత్రం తను లేకపోతే ఒక గది చీకటైపోతుంది.

పడవలోని కాలు తీసి రాతి మీద పెట్టింది.

"పెట్టె ఇలా ఇవ్వండి."

*

దియోలిందా ముందుగదిలో ఉంది. మెట్ల మీది పూలు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో వేసుకుంటోంది. వెనక అడుగుల చప్పుడు విని తిరిగి చూడలేదు.

"ఆ పూలు అక్కడే ఉండనివ్వండి దోనా" అంది మిలాడా.

ముసలామె చేతులు ఆగాయి. ఆ తరవాత ఒళ్ళోని పూలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ మెట్ల మీద పేర్చడం మొదలుపెట్టింది.

"కాళ్ళు తుడుచుకుని రా" అంది. "నేల ఇప్పుడే కడిగాను."

మిలాడా కాళ్ళు తుడుచుకుంది. బల్ల దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. వెనకబొమ్మ పెట్టాలా అని అది అడిగింది, వద్దంది. కిరీటం, పూలు, తెరిచిన తలుపు, పూలు పేరుస్తున్న దియోలిందా వీపు, అన్నీ తెరలోకి వచ్చాయి. ఎవరూ అడగకుండా ఆ గదిలో తన మొహం చూపించడం అదే మొదటిసారి. బాగానే ఉంది అనుకుంది.

బ్ర్నోకు, ఓల్ద్రిఖ్‌కు వీడియో కాల్ కలిపింది. శనివారం, ఎత్తడేమో అనుకుంటుండగా ఎత్తాడు. జుట్టు తడిగా ఉంది, చొక్కా గుండీలు అటూ ఇటూ అయ్యాయి. వెనక మామూలుగానే పుస్తకాల బీరువా, ఒరిగిన నీలి పుస్తకం.

"మిలాడా గారూ? ఏమైంది?"

"సోమవారం నేను రావడం లేదండీ. రేపు మా ఇంట్లో పండగ. రాజీనామా అనుకుంటారో, ఇంకేమనుకుంటారో మీ ఇష్టం. ఇకమీదట పని చేస్తే ఈ గదిలోంచే చేస్తాను, ఈ గది కనిపిస్తూ చేస్తాను. దాచను."

కోపమా, జాలా అని మిలాడా ఆయన మొహాన్ని వెతుకుతోంది. అందుకే ఆ వెనక జరిగింది మొదట దియోలిందా చూసింది.

"అదిగో" అంది ఆమె, పూలు పట్టుకుని దగ్గరికొచ్చి. "ఆయనకీ ఎవరో పెడుతున్నారు. చాలా సంతోషం."

పుస్తకాల బీరువా మధ్యలోంచి, నీలి పుస్తకం పక్కగా, ఒక చెయ్యి బయటికొచ్చింది. ఎండకు కమిలిన ఆడమనిషి చెయ్యి, మణికట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వేళ్ళ మధ్య ఒలిచిన కమలాపండు. అది గాలిలో కాసేపు తచ్చాడి, ఓల్ద్రిఖ్ భుజం పక్కన ఆగింది.

ఆయన మొహం పాలిపోయింది. మైకు ఆపెయ్యడానికి చెయ్యి చాచాడు. కానీ ఈసారి ఆలస్యమైపోయింది. ఆ వెనక నుంచి ఒక మోత వచ్చి, రాళ్ళ మీద విరిగి, గులకరాళ్ళను ఈడ్చుకుంటూ మెల్లగా వెనక్కి పోయింది.

మిలాడా తన వెనకున్న తలుపు వైపు తిరిగి చూసింది. బయట పొగమంచు తేలిపోయింది, సముద్రం ఇప్పుడు కదలకుండా ఉంది.

ఆ మోత ఇక్కడిది కాదు. బ్ర్నోలో సముద్రం లేదు.